కిటికీ కింద ఊదా చామంతులు

నాంచారమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాళ్ళకి అక్కడికక్కడ జవాబు చెప్పేది కాదు. వాళ్ళింటికి వెళ్ళి, పెరడంతా ఒకసారి తిరిగి చూస్తేగాని ఆమె నోరు పెగిలేది కాదు. వచ్చినవాళ్ళ మొహమైనా చూడకుండా శ్లోకాలు వల్లించే గురువులకి అలవాటుపడిన మన ఊళ్ళకి ఇదో చోద్యం. పుంగనూరులో ఆమె దగ్గర వేదాంతం చదువుకునే ఆడవాళ్ళు మాత్రం, ముందు ఇల్లు ఊడ్చుకుని ఆ తరవాతే ప్రశ్న అడిగేవాళ్ళు.

రెడ్డెమ్మ ఇల్లు ఊడ్చుకోలేదు. మమకారం మీద పాఠం మధ్యలోనే అడిగేసింది. "అమ్మా, కన్నబిడ్డను కనిపెట్టుకొని ఉండటం కూడా తప్పేనా?"

అడగడానికి కారణం ఉంది. ఆమె కూతురు లాస్యకి పదహారేళ్ళు. రెండేళ్ళ కిందట మూర్ఛ వచ్చింది. మందులతో తగ్గి, ఏడాది పైగా బాగానే గడిచింది. మొన్న వేసవిలో నిద్రలోనే మళ్ళీ వచ్చింది. ఆ రోజు నుంచి రెడ్డెమ్మ కూతురి గదిలో రాత్రిళ్ళు ట్యూబులైటు ఆర్పలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాస్తుంది. కాసేకొద్దీ తగ్గాలి కదా? పోయిన నెల ఇంకో రెండుసార్లు వచ్చింది. నిన్న ఆ పిల్ల, "నువ్వన్నా ఈ గది వదులు, నేనన్నా ఈ ఇల్లు వదిలి హాస్టల్లో చేరతా" అనేసింది.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ వచ్చింది. బిడ్డను హాస్టలుకి పంపించెయ్యమంటుందేమోనని రెడ్డెమ్మ భయపడింది. నాంచారమ్మ పిల్ల ఊసే ఎత్తకుండా నేరుగా పెరట్లోకి నడిచి, లాస్య గది కిటికీ కింద ఏపుగా పెరిగిన చామంతి కుండీల ముందు నిలబడింది.

"ఏం రంగే ఇవి?"

"ముదురు ఊదా అమ్మా. వంకాయ రంగు పూస్తాయని మా తమ్ముడు ఇచ్చినాడు. వేపపిండి వేసినా, పుల్లమజ్జిగ పోసినా. కార్తీకం వచ్చేసింది, ఒక్క మొగ్గ ల్యా. పక్కింటి సుగుణక్క రోజూ గోడ మీంచి అడుగుతాది, 'ఏం రెడ్డెమ్మా, మీ ఆకుకూర కట్ట ఎంత?' అని."

"అన్నీ ఇంతేనా?"

"చోటు చాలక నాలుగు కుండీలు మేడమెట్ల వెనక పడేసినా. అటు పోయి నెలయింది."

నాంచారమ్మ మెట్ల వెనక్కి నడిచింది. వెనకే వెళ్ళిన రెడ్డెమ్మ ఠక్కున ఆగిపోయింది. కారే పైపు నీళ్ళతో బతికిన ఆ నాలుగు బక్క మొక్కలూ తలనిండా పూసి ఉన్నాయి. ఊదా అంటే మామూలు ఊదా కాదు, నలుపుకి ఒక్క అడుగు ఇవతల నిలిచిన రంగు.

"మీ తమ్ముడు చామంతి తోటలో రాత్రిళ్ళు బల్బులు వెలిగిస్తాడు కదా, ఎందుకే?"

"పూత ఆపడానికమ్మా. చీకటి లేకుంటే చామంతి మొగ్గ తొడగదు. పండగ రెండు నెలలు ఉందనంగా ఆర్పు..." రెడ్డెమ్మ కిటికీ ఉన్న వైపుకి తల తిప్పింది.

అంతలో లాస్య మంచినీళ్ళు తెచ్చింది. కళ్ళ కింద గుంటలు.

"రాత్రి నిద్ర పట్టిందా బంగారూ?" అని అడిగింది నాంచారమ్మ.

"యాడ పడతాది అవ్వా? అమ్మ గంటకోసారి ముక్కు కింద వేలు పెట్టి చూస్తాది. నిద్రపోయినట్టు నటిస్తా. లేకుంటే ఏడుస్తాది."

రెడ్డెమ్మకి డాక్టరు గుర్తొచ్చాడు. మందు ఎంత ముఖ్యమో నిద్రా అంతే ముఖ్యం, నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుందని ఆయన రెండుసార్లు చెప్పాడు. మందులు గడియారం చూసి మరీ వేసింది. రెండో మాట చెవికెక్కలేదు. కాపలా కాసేవాళ్ళకి వినే తీరిక ఎక్కడిది?

పిల్ల లోపలికి వెళ్ళాక రెడ్డెమ్మ నాంచారమ్మకి దగ్గరగా జరిగింది. "లైటు తీసేసి నేను వసారాలో పండుకుంటాననుకో అమ్మా. ఆ చీకట్లో నా బిడ్డకేమన్నా అయితే?"

ఏమీ కాదు అంటుందని ఆశగా చూసింది. నాంచారమ్మ ఆ మాట అనలేదు.

"కావచ్చు. తలుపు తీసే ఉంచు, అలికిడైతే లెయ్యి. ఆ భయం మాత్రం నీది రెడ్డెమ్మా, నీ పక్కలోనే పండబెట్టుకో. ఆ పిల్ల మంచం ఇద్దరికి చాలదు."