మౌలాలి విప్పిన కట్టు

మౌలాలికి అన్నం సయించడం మానేసింది. కారణం, ఫక్కీరప్ప చేతిలో బతికిన ఒక మామిడి అంటు.

బనగానపల్లె వైపు ఒక చిన్న దర్గాలో రసూల్ బాబా అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గర చదువంతా తోటపనిలోనే. దర్గా వెనకున్న ముసలి మామిడిని ఆయన గురువు నాటాడు. ఆ యేడు అది నిలువునా ఎండిపోతోంది. చచ్చేలోపు దాని పుల్లలు కోసి, టెంక నుంచి మొలిచిన మొక్కలకు అంటు కట్టాలి. ఒక్క అంటు బతికినా చెట్టు బతికినట్టే. బాబా ఆ పనిని ఇద్దరికి పంచాడు. ఒకడు ఏళ్ళ తరబడి తనతో ఉన్న మౌలాలి. రెండోవాడు నిన్నమొన్న వచ్చిన ఫక్కీరప్ప.

మౌలాలి అంటులన్నీ నల్లబడిపోయాయి. ఫక్కీరప్పవీ చాలావరకు ఎండిపోయాయి గానీ, ఒకదానికి ఎర్రటి చిగురు పొటమరించింది.

దర్గాకు వచ్చినవాళ్ళు దాన్ని చూసి "ఫక్కీరప్ప చేతి చలవ" అని మెచ్చుకుని పోతుంటే మౌలాలికి కడుపు మండేది. ఇన్నేళ్ళూ ఊడ్చింది తను, నీళ్ళు మోసింది తను, పేరు మాత్రం వాడికి. రోజూ పొద్దున్నే ఆ అంటు దగ్గరికి వెళ్ళి చూసేవాడు, ఎండిందేమోనని. ఎండలేదు. పైగా అంటు కట్టే రోజు బాబా ఫక్కీరప్ప చెవి దగ్గర వంగి ఏదో అనడం తను చూశాడు. వాడికి ఏదో దువా చెప్పే ఉంటాడు. తనకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం తోటలో ఎవరూ లేరు. మౌలాలి ఆ అంటు ముందు కూర్చుని, లోపల తాయెత్తేమైనా పెట్టారేమోనని కట్టు విప్పాడు.

లోపల తాయెత్తూ లేదు, ఏమీ లేదు. పుల్ల కోత, మొక్క కోత ఆనుకున్న చోట తెల్లటి లేత పొర, కాస్త తడి. వేలు తగలగానే రెండూ విడిపోయాయి. గాభరాగా మళ్ళీ కట్టేసి లేచాడు.

పైకి కనిపించే బెరడు చచ్చిన తోలే. దాని కింద పలచటి పచ్చ పొర ఉంటుంది, చెట్టు ప్రాణమంతా అందులోనే. కంటికి ఆనని దాని కణాలు అవతలి మొక్క కణాల వైపు మెల్లగా పెరిగి కలుస్తాయి. కలిసినవి వరస కట్టి నీళ్ళు మోసే దారులవుతాయి. ఆ దారి నిలబడితేనే చిగురు ఆకవుతుంది, పుల్ల కొమ్మవుతుంది. మౌలాలి వేలు తెంపింది ఆ దారినే.

చిగురు వాలిపోయింది. ఫక్కీరప్ప దాని ముందు కూర్చుని ఏడ్చాడు.

"నా చెయ్యే మంచిది కాదన్నా," అన్నాడు మౌలాలితో.

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్నాడు మౌలాలి. తీరా విన్నాక సంతోషం రాలేదు. వాడి పక్కన నిలబడలేక నేరుగా బాబా దగ్గరికి పోయాడు.

"కట్టు నేనే విప్పినా బాబా."

బాబా తిట్టలేదు. "లోపల ఏం చూసినావు?"

"ఏమీ లేదు బాబా. తెల్లగా ఒక పొర ఉండె."

"అది ముసలి చెట్టుదా, టెంక మొక్కదా?"

"తెలీలేదు బాబా. ఏది ఎవరిదో తెలీకుండా కలిసిపోయింది."

బాబా ఊ కొట్టాడు.

"మరి వాని చెవిలో ఏం చెప్పినారు?" ఉండబట్టలేక అడిగేశాడు మౌలాలి.

"బెరడు చూసుకోవద్దు, పచ్చ పొరకు పచ్చ పొర తగిలించు అన్నా. నీకూ అదే చెప్పినా. అప్పుడు నీ చూపు వాని మీద ఉండె."

మౌలాలి తల దించుకున్నాడు. ఇక తనను తోటలో అడుగు పెట్టనివ్వరనే అనుకున్నాడు.

బాబా కత్తి తీసుకుని ముసలి చెట్టు దగ్గరికి నడిచాడు. పచ్చగా మిగిలిన పుల్ల ఒక్కటే. దాన్ని కోసి, కత్తితో సహా మౌలాలి చేతిలో పెట్టాడు.

"నాకెందుకు బాబా? చెడగొట్టినోణ్ణి నేను. ఫక్కీరప్పకియ్యండి."

"లోపల చూసినోనివి నువ్వొక్కనివే గదరా," అన్నాడు బాబా.