ఎలుగు మామ బల్ల పందెం

"ఎలుగు మామా, నడుం జారిపోతోంది, నడుం!"

కోడమ్మ అరుపు పాకల వీధి ఆ చివరిదాకా వినబడింది. గడ్డివాము ముందు ఎలుగు మామ మోచేతులు నేలకి ఆనించి, మునివేళ్ళ మీద కాళ్ళు నిలిపి, ఒళ్ళంతా బల్లలా చాపి గజగజలాడుతున్నాడు. పక్కనే నక్క బావ కూడా బల్ల వేశాడు. వీపు మీంచి నేల దాకా దుప్పటి కప్పుకుని, హాయిగా ఈల వేస్తున్నాడు కూడానూ.

సంగతేమిటంటే, ఆ రోజు వీధంతా కలిసి తినే జొన్నరొట్టెలకి తేనె తెచ్చే పని మామది. కుండ మోసుకొస్తుంటే నక్క అడ్డం తగిలి, "ఆ పొట్టతో బల్ల వెయ్యగలవా మామా? ముందు నువ్వు కూలితే కుండ నాది" అన్నాడు. పొట్ట మాటెత్తితే మామకి ఎక్కడలేని రోషం. తేనె పదిమందిదన్న సంగతే మరిచి సరేనన్నాడు.

"ఇవాళ రొట్టెల్లోకి ఉప్పు నంజుకుంటారేమో పాపం" అన్నాడు నక్క.

మామకి నడుం కలుక్కుమంది. కళ్ళు తేలేశాడు.

"ఒరే ఎలుగూ, ఆకాశంలో ఏముందిరా? నేల చూడు" అన్నాడు తీర్పరి తాబేలు తాత. "మోచేతులు సరిగ్గా భుజాల కిందికి తెచ్చుకో. పొట్ట బిగించు. ఊపిరి ఆపకు, మెల్లగా వదులు."

అలా చేశాడో లేదో, నడుంలో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. బరువంతా పొట్ట అందుకుంది. ఇన్నాళ్ళూ అందరూ వెక్కిరించిన పొట్టలో ఇంత సత్తువుందా అని మామకే ఆశ్చర్యం.

తాత దుప్పటి వంక అనుమానంగా చూశాడు. "బల్లన్నాక కింద దారుండాలి. కోడమ్మా, నీ పిల్లల్ని ఇద్దరి కిందా దూరి రమ్మను."

"నక్క కిందికా? బాగుంది తాతా నీ తీర్పు."

"చెయ్యి కదిపితే వాడు ఓడిపోతాడే. నోరు అటుంది, పిల్లలు నడుం కింద పోతారు."

నక్క ఈల ఆగింది. "పసివాళ్ళతో ఆటలెందుకు తాతా?"

అప్పటికే పిల్లలు మామ కింద దూరాయి. ఒకటి సరిగ్గా పొట్ట కింద ఆగి గింజ ఏరుకోసాగింది. నడుం దిగితే అది నలిగిపోతుంది. మామ పొట్ట మద్దెలలా బిగిసింది. గింజ తినేసి పిల్ల తాపీగా బయటికొచ్చింది.

తరవాత దుప్పటి అంచెత్తి నక్క కిందికి దూరాయి.

"అమ్మా, ఇటు దారి లేదే. బాబాయి పొట్ట కింద గుమ్మడికాయ ఉంది."

కోడమ్మ ముక్కుతో దుప్పటి లాగేసింది. ఇంత లావు గుమ్మడికాయ మీద నక్క బావ పొట్ట ఆనించుకుని పడుకున్నాడు. వీధంతా గొల్లుమంది. కంగారుగా లేవబోతే కాయ దొర్లింది, దాంతోపాటు నక్కా దొర్లి కుడితి తొట్టి పక్క బురదలో పడ్డాడు.

"నేనిక దిగొచ్చా తాతా?" అని నేల మీంచి గొంతు వినబడింది.

"ఎప్పుడో గెలిచావురా, దిగు."

గుమ్మడికాయ దప్పళంలోకి పోయింది. రొట్టెలు, తేనె, పొగలు కక్కే దప్పళం. చెవులకి బురదతో చివర నిలబడ్డ నక్కని మామే చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తిను బావా. రేపు పొద్దున కాయ లేకుండా వెయ్యడం నేర్పిస్తా."

"ఎంతసేపు వేశామో ఊరికి చెప్పుకోవచ్చు గానీ, ఎలా వేశామో ఒంటికి తెలిసిపోతుందర్రా" అంటూ తాబేలు తాత కూడా విస్తరి ముందు కూర్చున్నాడు.