ఈల వేసిన జీపు

ఓదేలు బిగించిన అద్దం ఈల వేస్తోంది.

జీపు పాత మిలిటరీది. ఓదేలు కంటే పెద్దది, వాళ్ళ నాయన కంటే కూడా పెద్దది. అంత వయసున్న బండి, ముప్పై స్పీడు దాటగానే ముందద్దం కిందినుంచి నేల టిక్కెట్టు కుర్రాడిలా ఈల వేస్తుంటే మెకానిక్ షెడ్డులో వాళ్ళు ఊరుకుంటారా? ఓదేలు ట్రయల్‌కి బయల్దేరిన ప్రతిసారీ, బస్టాపు దగ్గర మాత్రం మెల్లగా పోవయ్యా, ఎవరైనా చెప్పు తీస్తారు అని సాగనంపేవాళ్ళు.

ఓదేలు నవ్వలేదు. జీపు యజమాని, రిటైరైన సుబేదారు కనకయ్యగారు, ఆదివారం పాత బండ్ల ఊరేగింపుకి దాన్ని తీసుకెళ్ళాలి. పైగా ఇది ఈ జీపుకి రెండో అద్దం. మొదటిది కూడా ఓదేలు బిగించేటప్పుడే పగిలింది. మొగిలి దాని నడిమధ్య జాకీ రాడ్డు పడేశాడని ఓదేలు చెప్పాడు. పద్నాలుగేళ్ళుగా ఆ షెడ్డులో పనిచేస్తున్న మొగిలిని, ఓదేలుకి పానా పట్టుకోవడం నేర్పిన మొగిలిని, షెడ్డు యజమాని యాకూబ్ ఉస్తాద్ ఆ సాయంత్రమే పొమ్మన్నాడు. పెద్ద మేస్త్రీ పని ఓదేలుకి వచ్చింది. ఇదంతా జరిగి రెండు నెలలు.

ఓదేలు అద్దం కింద రబ్బరు మార్చాడు. ఫ్రేము విప్పి మళ్ళీ బిగించాడు. బిగించేకొద్దీ ఈల సన్నబడి ఇంకా కీచుమంది. చివరికి సిగ్గు విడిచి ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, ఎక్కడ తప్పు పోయిందో చూడమన్నాడు.

ఉస్తాద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, రబ్బరు వెంట వేలు పోనిచ్చాడు. కుడిమూల దగ్గర వేలు సందులోకి దూరింది. ఎడమమూల దగ్గర ఆగిపోయింది. అక్కడ బోల్టు ఎంతలా బిగిసిందంటే, రబ్బరు నాలుక బయటపెట్టినట్టు పొంగుకొచ్చింది. ఎడమవైపు అంత నొక్కేస్తే కుడివైపు లేవక ఏం చేస్తుంది? ఆ సందులోంచే గాలి.

  ఉస్తాద్ వేలు తీసి, షెడ్డు వెనక్కి వెళ్ళి, పగిలిన మొదటి అద్దం ముక్కలున్న గోనెసంచి తెచ్చి, వాటిని నేలమీద పేర్చడం మొదలుపెట్టాడు.

పగుళ్ళన్నీ ఒక్కచోటి నుంచే బయల్దేరాయి. నడిమధ్య నుంచి కాదు. ఎడమమూల బోల్టు దగ్గర్నుంచి.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

ఆ జీపుల అద్దం బానెట్ మీదికి పడుకుంటుంది. ఉస్తాద్ రెండు పక్కలా క్లిప్పులు విప్పి, అద్దాన్ని ముందుకు వాల్చేశాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, ఓదేలుకి పక్క సీటు చూపించాడు.

"ఎక్కు. ఇప్పుడు ఈల రాదు."

బొల్లారం రోడ్డెక్కాక ఓదేలు సంజాయిషీ మొదలుపెట్టాడు. నోట్లోకి దుమ్ము పోయింది. ఉమ్మి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఏదో పురుగు పోయింది. ఆపేశాడు.

జీపు ఒక వాటర్ సర్వీసింగు ముందు ఆగింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పైపుతో ఆటో కడుగుతున్నాడు మొగిలి.

ఉస్తాద్ దిగాడు. ఎవరినీ బతిమాలిన మనిషి కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. బురదలో నిలబడి, తప్పయిందని, షెడ్డుకి రమ్మని అడిగాడు.

మొగిలి పైపు కట్టేశాడు.

"ఆ దినం నన్ను ఒక్క మాట అడగకపోతివి ఉస్తాద్."

 ఇక్కడ పని బాగానే ఉందని, తను రానని మొగిలి మెల్లగా చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే ఇంకోసారి అడగడానికి వీలుండేది.

మొగిలి చెయ్యి ఊరుకోదు కదా, పడుకోబెట్టిన అద్దం చుట్టూ ఒకసారి తడిమి చూశాడు. ఎడమమూల దగ్గర ఆగి, తలెత్తాడు. వచ్చినప్పటి నుంచి ఓదేలు వైపు చూడటం అదే మొదలు. తిడతాడనుకున్నాడు ఓదేలు. తిట్టాలనే కోరుకున్నాడు.

"ఎడమ బోల్టు గంత బిగియ్యకు తమ్మీ. మళ్ళ పగుల్తది," అన్నాడు మొగిలి. "గీసారి నేను లేను గద."

వెళ్ళి మళ్ళీ నీళ్ళ పైపు తిప్పాడు.

జీపు వెనక్కి తిరిగింది. ముందర ఇసుక లారీ వెళ్తోంది. గాలంతా ఇసుకే. ఇద్దరి కళ్ళూ కారుతున్నాయి.

చాలా దూరం వచ్చాక ఉస్తాద్ అడిగాడు.

"అద్దం లేపాల్నా?"

ఓదేలు వద్దన్నట్టు తల ఊపాడు.