రాని తొమ్మిదిమంది

“నలభైమందిలో ముప్పై ఒక్కరు వచ్చారు. ముప్పై ఒక్కరికీ ఏమీ లేదు. మిగతా తొమ్మిదిమందికి మాత్రం ఎందుకు ఉంటుంది సార్?” అని సింధూర తన పరిశోధనకు గురువైన డాక్టర్ దైవసహాయంగారిని అడిగింది. అలా అడగడం అది మూడోసారి. మొదటిసారి వినయంగా అడిగింది. రెండోసారి వివరంగా అడిగింది. ఈసారి కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

దైవసహాయంగారు మా ఆసుపత్రిలో టిష్యూ బ్యాంకు పెట్టినవారు. కాన్పయిన తల్లులు ఇష్టపడి ఇస్తే, బిడ్డను చుట్టి ఉండే ఉమ్మనీటి సంచి పొరను కడిగి, ముక్కలు కోసి, గడ్డకట్టించి దాచడం అక్కడి పని. కాలిన కంటిమీద ఆ పొర వేస్తే కన్ను మానుతుంది. పొర ఇచ్చిన రోజు తల్లికి రక్తపరీక్ష చేస్తారు. మొదటిసారి బయటపడని రోగం ఏదైనా రక్తంలో దాగి ఉందేమోనని ఆరు నెలల తర్వాత మళ్ళీ చేస్తారు. ఆ రెండో పరీక్ష అయ్యేదాకా పొరకు పసుపు చీటీ ఉంటుంది, అయ్యాక పచ్చ చీటీ పడుతుంది. పసుపు చీటీ ఉన్నది గది దాటదు. ఫ్రీజరు తాళం పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉంది కనుక ఈ సంగతులు నాకు తెలుసు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పరు. “రేపు చూద్దాం” అంటారు. వాదనకు దిగినవాళ్ళు గోడతో మాట్లాడినట్టయి తిరిగిపోయేవాళ్ళు. ఆ రోజు సింధూరకూ అదే మాట దక్కింది.

కానీ ఆమెకు ఉన్నది ఆ రేపు ఒక్కటే. టిష్యూ బ్యాంకుల సదస్సుకు పరిశోధన సారాంశం పంపడానికి గడువు మర్నాటి సాయంత్రం ఐదు గంటలు. యువ పరిశోధకుల విభాగంలో వయసు హద్దు ముప్పై. ఆమెకు వచ్చే ఏడాది ముప్పై దాటుతుంది. మూడేళ్ళ చాకిరీకి ఫలితంగా నలుగురిలో నిలబడి మాట్లాడే అవకాశం ఇదొక్కటే. ఆమె సారాంశం చెప్పేదేమిటంటే, నలభైమంది తల్లులలో ఏ ఒక్కరికీ రెండో పరీక్షలో రోగం బయటపడలేదు కనుక ఆరు నెలల కాపలా ఇక అక్కర్లేదని.

ఆ సదస్సు వెబ్‌సైటు సంగతి కూడా చెప్పాలి. అది మనిషి ఓపికను పిండడానికే పుట్టింది. రెండు వందల యాభై మాటలకు ఒక్క మాట ఎక్కువైతే ఎర్రగీత పడుతుంది. మాట తీసేస్తే పాస్‌వర్డు అడుగుతుంది. పాస్‌వర్డు కొట్టేసరికి రాసిందంతా ఎగిరిపోయి ఉంటుంది. నాలుగు రోజులు ఆ అమ్మాయి దానితో కుస్తీ పట్టి అన్ని గడులూ నింపింది. మిగిలింది ఒక్క గడి, గురువుగారి సమ్మతి. అక్కడ ఆయన వేలు కదలదు.

సదస్సులో పెట్టాల్సిన పోస్టరయితే ముందే అచ్చయిపోయింది. ఫ్లెక్సు షాపతను పుట్టినరోజు బోర్డులు వేసే అలవాటుకొద్దీ నాలుగు మూలలా గులాబీలు పెట్టి, “మీ ఫొటో కూడా వేద్దామా మేడం, దండం పెడుతున్నట్టు?” అన్నాడట. పూలు తీయించడానికి ఆమె మూడుసార్లు తిరిగింది. చివరికి నలభై పచ్చ బొట్లతో, ఒక్కో తల్లికి ఒక్కో రక్తపు బొట్టుగా, అది మా వరండా గోడకెక్కింది. కళ్ళ డాక్టరు గఫూర్‌గారు దానిముందు నిలబడి మొత్తం చదివి, “శభాష్” అని వెళ్ళారు.

మర్నాడు తొమ్మిది గంటలకు ఆ గఫూర్‌గారే ఫోన్ చేశారు. సింధూర చేతుల్లో పని ఉండి ఫోను బల్లమీద పెట్టి పెద్దగా వినిపించేట్టు నొక్కింది.

“అమ్మా సింధూరా, గోడలకు సున్నం కొట్టే మనిషి. డబ్బా మొహంమీద బోర్లాపడింది. కన్ను కడుగుతున్నాం. ఇవాళే పొర వెయ్యాలి. పెద్ద ముక్క పంపించు.”

నేను ఫ్రీజరు తెరిచి చూశాను. పచ్చ చీటీల అరలో చిన్న ముక్కలే ఉన్నాయి.

“పెద్దవి పసుపులో ఉన్నాయి సార్,” అంది సింధూర.

“ఒకటి పంపించు మరి.”

“రెండో పరీక్ష కాలేదు సార్.”

“నీ పోస్టరు నేను నిలబడి చదివానమ్మా! అది అక్కర్లేదని నువ్వే గోడకెక్కించావుగా!”

“అది పోస్టరు సార్. ఇది కన్ను.”

“బాగుంది! నాకు పాఠం చెప్తున్నావా?”

“తిట్టండి సార్. పసుపు చీటీ మాత్రం నేనివ్వను.”

దైవసహాయంగారు ఆ పక్కనే టీ తాగుతున్నారు. కప్పు కింద పెట్టి ఆమె వంక చూశారు. ఏదో అంటారనుకున్నాను. మళ్ళీ కప్పెత్తారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాటతో తేలేదాన్ని ఈయన ఇంత ఎందుకు నాన్చుతారో నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఈనాటికీ కాదు.

పక్క జిల్లా టిష్యూ బ్యాంకుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సింధూర రిజిస్టరు లాగి, రాని తొమ్మిదిమంది పేర్లమీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. అందరికీ ఆరు నెలలు ఎప్పుడో దాటాయి. దగ్గరలో ఉన్నది నూకరత్నం అనే ఆవిడ. రొయ్యలు వొలిచే షెడ్డులో పని. ఫోన్ నంబరు ఆవిడది కాదు, మరిదిది. అది పనిచెయ్యడం లేదు.

“బాబాయ్, ఆటో పిలువు,” అంది నాతో.

షెడ్డు మేస్త్రీ మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. పని మధ్యలో మనిషిని పంపనన్నాడు. సింధూర అతనితో గట్టిగా మాట్లాడింది. అతను ఇంకా గట్టిగా మాట్లాడాడు. ఆ గొడవకు లోపలినుంచి నూకరత్నమే తడి చేతులతో బయటికొచ్చింది.

“ఏంటమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?”

“రక్తపరీక్షకు రమ్మన్నాం కదా, ఎందుకు రాలేదు నువ్వు?”

“నన్నెవరు రమ్మన్నారు? మా మరిదికి సెప్పుంటారు. ఆడికి తిండి తిన్నాడో లేదో కూడా గుర్తుండదు. నాకు సెప్తే రానా? బిడ్డ సంచి ఇచ్చినదాన్ని, సుక్క రక్తానికి ఎనకాడతానా?”

ఆవిడ చేతులు కడుక్కుని మేస్త్రీని ఒక్క కసురు కసిరి ఆటో ఎక్కింది. దారిలో అడిగింది. “అయితే నేనిచ్చింది ఎవరికేశారు?”

“ఇంకా ఎవరికీ వెయ్యలేదు.”

“ఏడాది కావొస్తంది! ఏం సేస్తన్నారింతకాలం?”

“నువ్వు వస్తావని చూస్తున్నాం,” అంది సింధూర.

రక్తం తీశారు. తొందరపెడితే పరీక్షగదివాళ్ళు నాలుగు గంటలకు చెబుతామన్నారు. నూకరత్నం వెళ్ళనంది. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగి పోస్టరు ముందు ఆగింది. ఆవిడకు ఆ ఇంగ్లీషు రాదు, బొట్లు మాత్రం కనిపిస్తాయి.

“ఏంటియ్యి?”

“మీరంతానే. పొర ఇచ్చిన తల్లులు. రెండో పరీక్షలో ఎవరికీ ఏమీ లేదని.”

“నేనెక్కడున్నాను?”

సింధూర కింది వరుసలో ఒక బొట్టు చూపించింది. నూకరత్నం దాన్ని చూసింది. తన చేతిమీది దూదిని చూసుకుంది. “నా రక్తం ఇప్పుడేగా తీశారు? అప్పుడే ఎలా ఏసేశారు నన్ను?”

పోస్టరుకు నాలుగు దారాలు కట్టింది నేనే. సింధూర విప్పమంటుందేమోనని చూశాను. ఆమె లోపలికెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది, తెరవలేదు.

నాలుగు కావస్తుండగా పరీక్షగదినుంచి కాగితం వచ్చింది. ఏమీ లేదు. నూకరత్నం రక్తం శుభ్రంగా ఉంది. సింధూర ఆవిడ పొర ఉన్న పెట్టెమీది పసుపు చీటీ తన చేత్తోనే పీకి, పచ్చది అంటించి, సంతకం పెట్టి నాకిచ్చింది. మంచుపెట్టెలో పెట్టుకుని పరుగున నేనే తీసుకెళ్ళి కళ్ళ విభాగంలో అప్పగించి వచ్చాను. వచ్చేసరికి గఫూర్‌గారు మళ్ళీ ఫోనులో ఉన్నారు.

“అందిందమ్మా, మొదలుపెడుతున్నాం. చూశావా మరి? ఏమీ లేదుగా! పొద్దున ఇదే ముక్క ఇచ్చి ఉంటే ఈపాటికి కుట్లు కూడా అయిపోయేవి. నీ పోస్టరే నిజమయిందిగా!”

“ఇప్పుడు తెలిసింది సార్,” అంది సింధూర. “పొద్దున తెలియదు.”

ఆయన విసుక్కుని పెట్టేశారు. గోడ గడియారంలో ఐదుకు ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. సింధూర వెబ్‌సైటు తెరిచింది. పాస్‌వర్డు అడిగింది, కొట్టింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ కొట్టింది. నలభై అన్న అంకె తెరమీద అలాగే ఉంది. దాన్ని తీస్తే కింద ఉన్న ముగింపు నిలబడదు. ముగింపు నిలబడకపోతే సారాంశంలో చెప్పడానికి ఏముందో ఆమెకు తోచలేదు. చాలా సేపటికి, అంటే రెండు నిమిషాలకు, దైవసహాయంగారి బల్లవైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో కోపం ఉంది.

“మూడు రోజులనుంచి అడుగుతున్నాను సార్. ఇప్పుడైనా చెప్పండి. దీంట్లో నన్నేం రాయమంటారు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నారు. సమ్మతి గడిమీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగారు.

“గఫూర్‌కి ఇప్పుడు ఫోనులో ‘పొద్దున తెలియదు’ అని చెప్పావు కదమ్మా,” అన్నారు. “అది రాయి.”