రెండు కాళ్ల గున్న

పొగడదుర్గం రాజు చిత్రసేనుడు వేటకని వెళ్లి ఏనుగు పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. తల్లిలేని గున్న. దాన్ని చూసి రాజుగారి మనసు వెన్నలా కరిగిపోయింది. దానికో గది, గదికో దోమతెర, పూటకో మోపు చెరుకు, తొండమెత్తి దణ్ణం పెట్టడం నేర్పడానికి ఇద్దరు గురువులు! ఇన్ని ఉన్నా అది ఒంటరిగా ఉండలేక ఒకటే ఘీంకారం. కోటలో ఎవరికీ కునుకు లేదు.

"దీనికో తోడు కావాలి! తల్లీతండ్రీ లేని ఇంకో గున్నను తెచ్చిన వాళ్లకు మంచి బహుమానం. ఆ గున్నకూ ఇవే మర్యాదలు!" అని రాజు సభలో ప్రకటించాడు.

రాజుగారికి తాంబూలం అందించే మంగాయి ఆ మాట విందిగానీ పట్టించుకోలేదు. సభ ముగిశాక బయటికొస్తుంటే కోశాధికారి భుజంగరాయుడి ముందు ఒక పిల్ల చేతులు కట్టుకుని నిలబడి కనిపించింది. పేరు పైడమ్మ. పద్దెనిమిదేళ్లు. నా అన్నవాళ్లు లేరు. కళ్లకు గంతలు కట్టినా మూలికలన్నీ వాసనతోనే చెప్పేసి రాజవైద్యశాలలో చదువుకు చోటు సంపాదించుకుంది. కానీ రుసుము కట్టాలి, తలదాచుకోవడానికి గూడు వెతుక్కోవాలి. సత్రంలో గడువు అయిపోయింది. రేపటిలోగా చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"మీ నాన్నను పిలుచుకురా," అన్నాడు భుజంగరాయుడు మీసం దువ్వుకుంటూ.

"లేడండి."

"మేనమామ?"

"లేడండి."

"ఎవరో ఒకరు ఉంటారుగా?"

"మీరున్నారండి. అందుకే వచ్చాను."

"చాల్చాల్లే! ఈడొచ్చినదానివి, నీ కాళ్ల మీద నువ్వు నిలబడు. బొక్కసంలో దమ్మిడీ లేదు."

మంగాయికి ఒళ్లు మండింది. "అయ్యగారూ, నాలుగు కాళ్లున్నదాన్ని ఇద్దరు పట్టుకుని నిలబెడుతున్నారే! రెండు కాళ్లదానికేనా నీతులు?"

"అది ఏనుగు! రాజాజ్ఞ! నీ ఆకులూ వక్కలూ నువ్వు చూసుకో, పో!"

మంగాయి పైడమ్మ చెయ్యి పట్టుకుని తిన్నగా వంటశాలకు తీసుకెళ్లింది.

"అక్కా, రెండు చేటలుంటే ఇలా పడెయ్యి," అని వంటావిడను అడిగింది.

మర్నాడు నిండు సభలో ఘల్లుఘల్లుమని గంట మోగింది. ముందు మంగాయి, వెనకాల పైడమ్మ. చెవులకు రెండు చేటలు, నుదుట ముగ్గు, మెడలో గంట.

"ప్రభూ, గున్న దొరికింది. తల్లీ లేదు, తండ్రీ లేడు."

సభ గొల్లుమంది. రాజు నవ్వాపుకుంటూ, "తొండం ఏదే మంగాయీ?" అన్నాడు.

"చిన్నపిల్ల కదా ప్రభూ. నాలుగక్షరాలు ఒంటబడితే అదే వస్తుంది."

రాజుగారు చెరుకు తెప్పించారు. పైడమ్మ అక్కడే చతికిలబడి కరకరా నమలడం మొదలుపెట్టింది. చూస్తుండగానే మోపు సగమైంది.

"పాపం, నిన్నటినుంచి మేత లేదు," అంది మంగాయి.

రాజుకు సరదా పుట్టింది. "ఏమయ్యా భుజంగరాయా, నీ చూపును మించిన చూపు లేదంటావుగా. ఇది ఏనుగో కాదో తేల్చు."

భుజంగరాయుడు ఛాతీ విరుచుకుని పైడమ్మ చుట్టూ తిరిగాడు. ఒక చేటను వేలితో గీకి చూశాడు.

"నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు ప్రభూ! ఇవి వంటింటి చేటలు. అంటుకున్న తవుడైనా దులపలేదు! ఇది అచ్చంగా మనిషే. ఏనుగైతే నేనే దగ్గరుండి గదీ, తిండీ, గురువుల్నీ ఇచ్చేవాణ్ణి. మనిషి కనక వీధిలోకి నడవాల్సిందే!"

సభలో నవ్వు ఠక్కున ఆగింది. అన్నాక గానీ ఆ మాట ఎలా ఉందో భుజంగరాయుడికి తెలిసిరాలేదు.

మంగాయి చేతులు జోడించింది.

"ఈ పిల్ల చేసిన తప్పేమిటా అని నిన్నటినుంచి బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను ప్రభూ. మనిషిగా పుట్టిందట!"

రాజు ఒక్క క్షణం తల దించుకున్నాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు. భుజంగరాయుడి మీసం మాత్రం జారిపోయింది.

"ఏనుగుకు తోడు సంగతి తర్వాత చూద్దాం! చదువు ముగిసేదాకా ఈ పిల్లకు వైద్యశాల పక్కనే గది, తిండి, రుసుము అన్నీ మనవే. దిక్కులేని పిల్లలు ఇంకెవరొచ్చినా అంతే. భుజంగరాయా, వాళ్లను మనుషులుగానే రానియ్యి!" అంటూ రాజు మెడలోని ముత్యాలహారం తీసి మంగాయి చేతిలో పెట్టాడు.

పైడమ్మ చేటలు విప్పి కళ్లు తుడుచుకుంది. చంకలో ఇరికించుకున్న చెరుకు గడను చూసుకుని బెరుకుగా అడిగింది.

"అయ్యా, మనిషినని తేలిపోయింది కదా... ఇది తిరిగిచ్చెయ్యాలా?"

రాజుగారు పగలబడి నవ్విన నవ్వుకు కిరీటం దొర్లి కిందపడింది.