గుమ్మం మీద మూడు పేర్లు

రండి నాయనా, రండి తల్లీ, అందరూ నా దగ్గరికి వచ్చేయండి. పండూ, కాళ్ళు కడుక్కున్నావా? ఊఁ, మంచిది. సరస్వతమ్మకి ఒక్క దణ్ణం పెట్టుకోండి, ఇవాళ చెప్పేది ఆ తల్లి ఉండే చోటు కథ. గుడి కాదర్రా, బడి! గంట రెండుచోట్లా ఉంటుందంటావా? ఉంటుందిలే గడుగ్గాయీ, విను.

అనగనగనగా, గోదారి కాలవ గట్టున వెలగలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో చదువు చెప్పే పంతులుగారు ఉన్నారు గానీ, చెప్పడానికి ఇల్లు లేదు. మొదటి ఏడు తాటాకు పాకలో పెడితే గాలికి లేచిపోయింది. రెండో ఏడు పెంకుటింట్లో పెడితే కోతులు పెంకులు పీకేశాయి. మూడో ఏడు మునసబుగారి గొడ్లసావిట్లో పెట్టారు. పంతులుగారు "అ" అంటే, పిల్లల కంటే ముందు దూడ "అంబా" అనేది!

అప్పుడు మునసబు భగవాన్లుగారికి రోషం వచ్చింది. "గాలికీ, వానకీ, కోతికీ లొంగని మిద్దె కట్టిస్తాను" అన్నాడు. అని, దాలయ్య మేస్త్రీని పిలిపించాడు.

అప్పట్లో మన ఊళ్ళకి సిమెంటు ఎక్కడిది? దాలయ్య కాలవలో నత్తగుల్లలు ఏరించి, బట్టీలో కాల్చి, సున్నం చేశాడు. ఆ తర్వాత ఇసక కలిపి గానుగలో పోసి, ఎడ్లచేత రాతి చక్రం తిప్పించి, వెన్నలా నూరించాడు. ఆ తర్వాత అందులో కరక్కాయ నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పోశాడు. అవునే, బెల్లమే! సగం సున్నానికి, సగం పిల్లల నోళ్ళకి.

గోడలు మూరెడు మందం కట్టాడు, ఎండ లోపలికి రాకుండా. కిటికీలు ఎదురెదురుగా పెట్టాడు, గాలి ఇటునుంచి వచ్చి, పిల్లల్ని పలకరించి, అటునుంచి వెళ్ళేలా. ముందు వసారా, వసారాకి గుండ్రటి స్తంభాలు, పైన టేకు దూలాలు. దూలాల మీద ఇటుకలు పరిచి, వాటి మీద సున్నం పోశాడు.

ఇక ఆ సున్నాన్ని చెక్కలతో కొట్టాలి. పగుళ్ళు రాకుండా, మూడు రోజులు కొడుతూనే ఉండాలి. అది ఆడవాళ్ళ పని. ముప్పైమంది మిద్దెక్కి, వరసగా కూర్చుని, పాట ఎత్తుకున్నారు.

"కొట్టవె చెల్లీ కొట్టవె, గట్టిగ చెక్కతొ కొట్టవె,
వాన చినుకు జారాలె, చదువు చుక్క నిలవాలె!"

పాట కట్టింది ఆదెమ్మ. ఆవిడకి ఒక్కతే మనవరాలు, పేరు మాణిక్యం. బొగ్గుముక్క దొరికితే చాలు, ఆ పిల్ల గోడంతా అక్షరాల్లాంటివేవో గీసేసేది. "మామ్మా, నేనూ బడికెళ్తానే" అని పొద్దస్తమానం ఒకటే పోరు. కానీ ఆ ఊళ్ళో బడి మగపిల్లలకే. "నా మనవరాలికి చోటులేని బడికి నేను కప్పు కొడతన్నానే!" అనుకుని ఆదెమ్మ ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువేసేది. కప్పు అంత గట్టిగా కుదిరింది అందుకేనట!

మూడో రోజు మునసబుగారు మిద్దెక్కి బిందెడు నీళ్ళు పోయించాడు. కింద ఒక్క చుక్క కారలేదు. ఆయన మీసం మెలేసి అన్నాడు కదా, "ఏమర్రా, మీ కష్టం ఊరికే పోనివ్వను. బడిలో మొదట కూచునే ముగ్గురూ మీ ఇళ్ళ పిల్లలే. వాళ్ళ పేర్లు గుమ్మం పైన సున్నంలో చెక్కిస్తా. చెప్పండి!"

ఆదెమ్మ చెక్క కింద పెట్టి లేచింది. మనసులో రామా అనుకుంది. "మాణిక్యం అండి" అంది.

"భేష్! రెండోవాడు?"

అబ్బాయికైనా అమ్మాయికైనా చెల్లే పేరది, పక్కనున్న గవరమ్మకి సంగతి అర్థమైపోయింది. ఆవిడకీ కూతురుంది. "అన్నవరం అండి."

"సత్యదేవుడి కొండ పేరు, శుభం! మూడోవాడు?"

వెనకనుంచి పెంటమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని, "సింహాచలం అండి" అంది.

దాలయ్య ఎవరి మొహమూ చూడకుండా తాపీ అందుకున్నాడు. పంతులుగారు పలక మీద రాసిచ్చారు, మేస్త్రీ పచ్చి సున్నంలో చెక్కేశాడు.

ఆ తర్వాత బడి తెరిచే రోజు వచ్చింది. ఊరంతా వచ్చింది. మునసబుగారు కొబ్బరికాయ కొట్టి, సరస్వతమ్మ పటానికి హారతిచ్చి, "పిలవండి పంతులుగారూ" అన్నాడు.

"మాణిక్యం!" రెండు జడలు వచ్చాయి.

"అన్నవరం!" పచ్చ పరికిణీ వచ్చింది.

"సింహాచలం!" ముక్కుకి బులాకీ పెట్టుకుని మూడోది వచ్చింది.

మునసబుగారు హారతి పళ్ళెం చేత్తోనే ముందుకొచ్చాడు. "ఏమే ఆదెమ్మా! ఏంటే ఈ మోసం?"

"ఆయ్, మోసమేముందండీ బాబూ? తమరు పేర్లడిగారు, చెప్పాం. లాగూనా, పరికిణీనా అని అడిగారేంటండీ?"

ఊరంతా గొల్లుమంది. మీరు నవ్వినట్టే!

"చెరిపెయ్ ఆ పేర్లు!" అని అరిచాడు మునసబు. దాలయ్య ఉలి పెట్టి ఒక్కటి వేశాడు. ఉలి మొన వంగింది గానీ సున్నం ఊడలేదు. "బెల్లం తాగిన సున్నమండి. పేర్లు పోవాలంటే గుమ్మం పగలాలి. గుమ్మం పగిలితే కప్పు దిగుద్దండి" అన్నాడు.

"ఆడపిల్లలకి పుస్తకాలేంటయ్యా?" అన్నాడు మునసబు. అప్పుడు పంతులుగారు మెల్లిగా, "తమరు ఇప్పుడే హారతిచ్చిన తల్లి చేతిలో ఉన్నదీ పుస్తకమేనండి. ఆవిణ్ణీ బయటికి పంపమంటారా?" అన్నారు.

మునసబుగారు పటం వైపు చూశాడు, బల్లల వైపు చూశాడు. చివరికి, "సరే, మరి చోటేదీ? చూడండి!" అన్నాడు. నిజమే, ఈ గొడవలో మగపిల్లలంతా చొరబడి బల్లలన్నీ నింపేశారు. మాణిక్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దాకా వచ్చిన చదువు గుమ్మంలోనే ఆగిపోయేలా ఉంది.

మొదటి బల్ల మీద మునసబుగారి మనవడు బుల్లబ్బాయి కూచున్నాడు. బొద్దుగా, ఇద్దరి చోటు ఒక్కడే ఆక్రమించి ఉన్నాడు. వాడు తాత మొహం చూశాడు. మాణిక్యం మొహం చూశాడు. చూసి, ఒక్క జానెడు పక్కకి జరిగాడు.

వాడు జరిగితే పక్కవాడు జరిగాడు. పక్కవాడు జరిగితే వెనక బల్లలూ జరిగాయి. చూస్తే ముగ్గురికి చోటు!

"రా మాణిక్యం, కూచో. ఇక్కడ గాలి బాగా వస్తది" అన్నాడు బుల్లబ్బాయి.

మునసబుగారు అదంతా చూశాడు. ఆ తర్వాత పళ్ళెం కింద పెట్టి, మనవడి తల నిమిరి, "పంతులుగారూ, ఇంకో మూడు పలకలు తెప్పించండి" అన్నాడు. ఆదెమ్మ వైపు తిరిగి, "ఇలాంటి పేర్లవాళ్ళు ఇంకెంతమందున్నారే నీ దగ్గర?" అన్నాడు.

"ఇంక పేరు చూసుకునే పనేముందండీ? రేపు లక్ష్మినీ, పార్వతినీ కూడా పంపేత్తాం!" అంది ఆదెమ్మ.

ఆయనకీ నవ్వాగలేదు.

కట్టింది దాలయ్య, కప్పు కొట్టింది ఆదెమ్మ. కానీ బడిని బడి చేసింది మాత్రం ఆ జానెడు జరగడమే, బంగారు కొండలూ. అదొక్కటీ గుర్తుపెట్టుకోండి. రేపు మీ బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చి చోటులేక నిలబడితే, ఎవరూ చెప్పక ముందే మీరు జానెడు జరిగి, "రా, కూచో" అనండి. అంటారుగా? ఏదీ, ఒకసారి అనండి వింటాను.

మిద్దె బడి చల్లన, పిల్ల పలుకు మెల్లన,
కథ కంచి దారిన, మనమింటి దారిన!