పిల్లి అడ్వాన్సు

తవిటినాయుడు తన సుగుణాలు ఎవరికైనా చెప్పవలసి వస్తే మొట్టమొదట చెప్పేది ఇది: మేడమీద పోర్షనులో అద్దెకి దిగేవాళ్ళకి అతను నోటికొచ్చిన షరతు పెట్టడు. చదివి పెడతాడు. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, బస్సు డిపోలో గుమాస్తాగా రిటైరయ్యాక సెల్‌ఫోనులో వెతికి, నెట్ సెంటరులో ప్రింట్లు తీయించి, దేశదేశాల అద్దె చట్టాలన్నీ ఒక ఫైలులో పెట్టాడు. విజయనగరంలో తన వీధిలో ఈ విషయం తనంత చదివినవాడు లేడని అతని నమ్మకం. ఆ వీధిలో మరెవరూ చదవలేదు కాబట్టి కాదన్నవాళ్ళూ లేరు.

ఆ చదువుకి పని తగిలింది ఎస్తేరు వచ్చాక. ఎస్తేరు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తల్లి శాంతమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. ఇద్దరు మనుషులు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మేడమీదకి మోశారు. ఇక ఆవిడ కిందకి దిగేది మళ్ళీ ఇల్లు మారినప్పుడే. సామాను సర్దుకున్న సాయంత్రం పైనుంచి పిల్లి అరుపు వినిపించింది. తవిటినాయుడు పైకి వెళ్ళి చూడలేదు. ఫైలు తీశాడు. కెనడాలో ఒక రాష్ట్రంలో పెంపుడు జంతువు ఉంటే నెల అద్దెలో సగం దాకా విడిగా పుచ్చుకోవచ్చునట. అదే దేశంలో ఇంకో రాష్ట్రంలో ఆ పేరు చెప్పి పైసా అడగకూడదట. అమెరికాలో రాష్ట్రానికో తీరట. చూపు లేనివాడికి దారి చూపే కుక్కనైతే అక్కడ అసలు పెంపుడు జంతువుల్లోనే కలపరట. జపానులో ఒక నెల అద్దె అదనంగా పుచ్చుకోవడం వాడుకట. మన దగ్గర పిల్లి ఊసు అతనికి ఎక్కడా కనిపించలేదు. ఇన్ని న్యాయాల్లో అతిగా పోకుండా మధ్యస్థంగా ఉందామనుకుని, అతను జపాను తీసుకున్నాడు.

ఒకటో తారీకులోగా పిల్లికి ఒక నెల అద్దె అడ్వాన్సు కట్టాలి, లేదా పిల్లిని పంపెయ్యాలి అని చెప్పాడు. ఇంటికి కట్టిన అడ్వాన్సుకే చెవిదుద్దులు తాకట్టుకి వెళ్ళాయనీ, రెండు నెలలు ఆగమనీ ఎస్తేరు బతిమాలింది. తవిటినాయుడు నొచ్చుకుంటూనే, “జపానులో అలా కుదరదమ్మా” అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అతనికి చెవులు వేడెక్కుతాయి. ఆ వేళకి మాత్రం అది చాలా నిష్పక్షపాతంగా తోచింది. ఒకటో తారీకుకి ముందే పైన పిల్లి అరుపు ఆగిపోయింది. దాని బదులు రోజూ సాయంత్రం శాంతమ్మ పై మెట్టు దగ్గర కూర్చుని “బుల్లెమ్మా, బుల్లెమ్మా” అని పిల్లిని పేరు పెట్టి వీధిలోకి పిలవడం మొదలైంది. తిండి కూడా సరిగ్గా తినడం లేదని తవిటినాయుడి భార్య రవణమ్మ చెప్పింది. పెద్దవాళ్ళకి వేసవిలో అరుగుదల తగ్గుతుందని అతను వివరించాడు.

అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అతను ఆదివారం ఆదివారం చిదంబరయ్య మాష్టారి దగ్గరికి ఉపనిషత్తు పాఠానికి వెళ్తాడు. మాష్టారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. సంచి పట్టుకుని వెళ్ళి సున్నం తెమ్మంటారు, లేదా ఫలానావారి ఇంటికి వెళ్ళి బావి తోడమంటారు. అందుచేత ఆ పాఠంలో ప్రశ్నలు తక్కువ. ఆ ఆదివారం మాత్రం తవిటినాయుడు ధైర్యం చేసి, తన ఫైలులోని సంగతులన్నీ పదిమందీ వినేలా ఏకరువు పెట్టి, చివరికి అడిగాడు: “ఒక ఊళ్ళో న్యాయమైనది పక్క ఊళ్ళో తప్పెలా అవుతుందండీ? ఇందులో అసలు ధర్మం ఏది?”

మాష్టారు, తాను కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్తున్నాననీ, తిరిగి వచ్చేదాకా ఒక ప్రాణిని చూసిపెట్టాలనీ చెప్పి, లోపలినుంచి ఒక వైరుబుట్ట తెచ్చి అతని చేతిలో పెట్టారు. బుట్టలో పిల్లి ఉంది. బూడిదరంగుది, ఒక చెవి కొస చిరిగింది. మాష్టారి ఇంట్లో పిల్లి ఉన్నట్టు తవిటినాయుడు ఎప్పుడూ చూడలేదు. అయితే గురువుల దగ్గర మన కంటికి కనబడనివి చాలా ఉంటాయి కదా అని సమాధానపడ్డాడు. పదిమందిలో తనకే ఇచ్చారన్న గర్వంలో, ఎవరి పిల్లి అని అడగడం తోచలేదు.

ఆ ఎనిమిది రోజులూ తవిటినాయుడి ఇంట్లో పిల్లికి జరిగిన మర్యాద అల్లుడికి కూడా జరగలేదు. దానికి చిక్కటి పాలు, విడిగా ఒక వెండిగిన్నె, పడుకోవడానికి దీపావళికి కొన్న సోఫా. రెండో రోజున అది సోఫా చెయ్యి మీద నాలుగు గీతలు గీసింది. రవణమ్మ గుండెలు బాదుకోబోతే అతను ఆపి, ఆ చోట ఎవరూ గుడ్డ పెట్టి తుడవకూడదన్నాడు. పాఠానికి వచ్చే మిత్రులని పిలిచి, మాష్టారి పిల్లి గీసిన గీతలని చూపించాడు. వాళ్ళలో ఒకాయన వాటిని తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నాలుగో రోజున అది ఫైలు మీద ఉచ్చ పోసింది. కెనడా పూర్తిగా, అమెరికా సగం తడిసిపోయాయి. తవిటినాయుడు కాగితాలు ఎండలో ఆరబెట్టుకుంటూ, అహంకారం మీద గురువు చేసిన అభిషేకం ఇది అని భార్యకి చెప్పాడు. అలా చెప్పగలిగినందుకు తన వినయానికి తానే మురిసిపోయాడు.

ఒక్కటే ఇబ్బంది. సాయంత్రమయ్యేసరికి పైనుంచి ముసలావిడ పిలుపు మొదలయ్యేది. అది వినగానే పిల్లి సోఫా దిగి, తలుపు దగ్గరికి వెళ్ళి, గోళ్ళతో చెక్కని గీకుతూ అరిచేది. గురువుగారి ప్రాణికి ఆ గోల సరిపడటం లేదనుకుని తవిటినాయుడు కిటికీలు మూసి, టీవీలో భక్తి పాటలు గట్టిగా పెట్టేవాడు. “ఆవిడ పిలిచినప్పుడే అరుస్తోంది, చూశారా?” అంది రవణమ్మ ఒకసారి. అతను టీవీ ఇంకాస్త పెంచాడు.

ఐదో తారీకున అద్దె ఇవ్వడానికి ఎస్తేరు కిందకి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగానే పిల్లి సోఫా మీదనుంచి దూకి వెళ్ళి ఆమె కాళ్ళకి చుట్టుకుంది. ఎస్తేరు కింద కూర్చుండిపోయింది. దాని చిరిగిన చెవి నిమురుతూ, పిల్లిని, సోఫాని, వెండిగిన్నెని ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తవిటినాయుడికి అప్పుడు అర్థమైంది. పైన ఉండగా తాను ఒక్కసారి కూడా చూడని పిల్లి ఇది. తాను టీవీ పెట్టి మూసేసిన నోరు ఇది. ఆమె ఏమంటే పడాలో, దానికి తలొంచుకుని ఎలా నిలబడాలో అతను మనస్సులో సిద్ధం చేసుకుంటున్నాడు. ఎస్తేరు అలాంటిదేమీ అనలేదు. లేచి రెండు చేతులూ జోడించింది.

“మాష్టారి కాలిపుండుకి కట్టు మార్చేది నేనేనండి. మీరు చెప్పారని దీన్ని ఆయన దగ్గర పెట్టాను. ఆపరేషనుకి వెళ్తూ, ఓ మంచి ఇంట్లో పెట్టాను, బెంగపడకమ్మా అన్నారు. అది మీ ఇల్లే అనుకోలేదు సార్. పైకి చట్టం మాట్లాడినా, లోపల ఇంత దయ ఉందని నాకేం తెలుసు? మిమ్మల్ని తిట్టుకున్నానండి. క్షమించండి.”

నిజం చెప్పడానికి అతనికి బోలెడంత సమయం ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది, చున్నీ సర్దుకుంది, పిల్లిని చంకనెత్తుకుంది. అంతసేపూ అతను నోరు తెరవలేదు. తెరిచాక వచ్చిన మాట ఇది: తీసుకెళ్ళమ్మా, పిల్లికి అడ్వాన్సు అక్కర్లేదులే. ఆ గొంతులోని ఉదారత అతనికే కొత్తగా వినిపించింది. ఆమె మరోసారి దండం పెట్టింది. అతను దాన్నీ పుచ్చుకున్నాడు.

ఆమె మెట్లెక్కి వెళ్ళాక రవణమ్మ వంటింట్లోంచి తడిగుడ్డ పట్టుకుని వచ్చి సోఫా దగ్గర నిలబడింది. “ఈ గీతల్ని ఏం చెయ్యమంటారు? కళ్ళకద్దుకోడానికి ఉంచనా, అడ్వాన్సులో కొయ్యనా?” అని అడిగింది.

అసలు శిక్ష ఆ సాయంత్రం నుంచి మొదలైంది. శాంతమ్మ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పై మెట్టు మీద కూర్చుని, వీధంతా వినబడేలా, “ఓనరు బాబూ, నీ చెయ్యి చల్లగుండాలి, నీలాంటి మనసు ఎవరికుంటుంది” అని రోజూ దీవించడం మొదలుపెట్టింది. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి వినేవారు. తవిటినాయుడు మళ్ళీ కిటికీలు మూశాడు. టీవీ పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఒకరోజు సంగతి చెప్పేద్దామని మెట్లెక్కాడు. సగందాకా వెళ్ళాడు. పైనుంచి ఆవిడ అతన్ని చూసి, లేవలేని మోకాళ్ళతో లేవబోయింది. అతను ట్యాంకులో నీళ్ళు చూడటానికి వచ్చానని చెప్పి దిగిపోయాడు.

మాష్టారు నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చిన ఆదివారం అతను అందరికంటే ముందే వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, జరిగినదంతా చెప్పాడు. ఇద్దరి మధ్యా ఫైలు లేదు, కెనడా లేదు. పిల్లిని తన గడపలో పెట్టి తన సంగతి తనకి చూపించినందుకు సిగ్గుగానే ఉంది గానీ కోపం లేదన్నాడు. ఇకమీదట ఏ జంతువుకీ అడ్వాన్సు అడగనని కూడా అన్నాడు. మాష్టారు తల ఊపారు. అది ఆయనకి పెద్ద విశేషంగా తోచినట్టు లేదు.

“మరి ఆవిడకి చెప్పావా?”

“లేదండి. మెట్లెక్కుతాను గాని, పైదాకా వెళ్ళలేకపోతున్నాను. మంచివాడనిపించుకోవడం మానడం నాకింకా రాలేదు.”

మాష్టారు కళ్ళద్దాలు తీసి, కంట్లో నీళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

“కింద నిలబడే చెప్పు నాయుడూ,” అన్నారు. “ఆవిడ మాట నీకు వినబడుతోందిగా.”